చిన్న పిల్లలతో రామోజీ ఫిల్మ్ సిటీలో ఒక రాత్రి బస: మిర్యాలగూడ నుంచి వచ్చిన ప్రశ్నకు సమాధానం

మీరు అడిగినదాన్ని క్లుప్తంగా చెప్పుకుంటే ఇది: యూకేజీ చదివే ఐదేళ్ల పాప, రెండేళ్ల బాబు, మోకాళ్ల నొప్పులున్న అత్తగారు, మీరు, మీవారు కలిసి సంక్రాంతి సెలవుల్లో రామోజీ ఫిల్మ్ సిటీకి వెళ్లి అక్కడే ఒక రాత్రి ఉండాలనుకుంటున్నారు. గదికి పెట్టే డబ్బు దండగ అవుతుందేమో, పొద్దున వెళ్లి రాత్రికి ఇల్లు చేరితే సరిపోతుందేమో అన్నది మీ మొదటి సందేహం. ఎలాగూ అంత దూరం వెళ్తున్నారు కాబట్టి మరునాడు హైదరాబాద్‌లోని వండర్‌లా రైడ్ల పార్కు కూడా చూపించవచ్చా అన్నది రెండోది. నేను నలగొండలో చాలా ఏళ్లు ప్రాథమిక పాఠశాల ఉపాధ్యాయురాలిగా పనిచేశాను. బడి పిల్లలను విహారయాత్రలకు తీసుకెళ్లిన అనుభవం, ఆ తర్వాత మనవడిని, మనవరాలిని తీసుకెళ్లి అక్కడే బస చేసిన అనుభవం రెండూ ఉన్నాయి కాబట్టి కొంచెం వివరంగానే రాస్తున్నాను.

నా సమాధానం ఒక్క మాటలో చెప్పాలంటే, ఉండండి. అయితే ఎందుకు ఉంటున్నారో తెలుసుకుని ఉండండి. చిన్న పిల్లలున్న కుటుంబం ఇలాంటి చోట గది తీసుకోవలసింది రాత్రి కోసం కాదు, మధ్యాహ్నం కోసం. ఒకటి రెండేళ్ల వయసు పిల్లలకు రోజు మొత్తం మీద 11 నుంచి 14 గంటలు, మూడు నాలుగేళ్ల వారికి 10 నుంచి 13 గంటలు నిద్ర కావాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఇచ్చిన మార్గదర్శకాలు చెబుతున్నాయి, పగటి కునుకును కూడా కలుపుకునే ఈ లెక్క. మీ బాబుకు ఇంట్లో ఒంటిగంట నుంచి మూడింటి దాకా పడుకునే అలవాటు ఉండే ఉంటుంది. ఒక్క రోజులో వెళ్లి వచ్చేవారు తెల్లవారుజామునే పిల్లలను లేపి, స్నానం చేయించి, కారులో కూర్చోబెట్టి తొమ్మిదింటికి గేటు దగ్గర ఉంటారు. వాహనం ప్రవేశద్వారం దగ్గరే ఆపి, అక్కడి బస్సు ఎక్కి లోపలికి వెళ్లాలి కాబట్టి మధ్యాహ్నం పిల్లవాడికి కళ్లు మూతలు పడే సమయానికి కనీసం కారు సీటైనా చేతికి అందదు. భుజం మీద వేసుకుని ఎండలో తిరుగుతారు, షో మొదలవగానే ఆ చప్పుడుకు వాడు ఉలిక్కిపడి లేస్తాడు, నాలుగింటికి ఏడుపు మొదలవుతుంది. పెద్దవాళ్లలో ఒకరు వాణ్ని ఎత్తుకుని బెంచీ మీద కూర్చుంటే ఇంకొకరు పాపను పట్టుకుని వరుసల్లో నిలబడతారు. అప్పుడు చూసినవేవీ పిల్లలకు గుర్తుండవు, పెద్దలకు మిగిలేది నడుం నొప్పే. గది ఉన్న కుటుంబానికి ఈ గండం తప్పుతుంది. ఆ డబ్బు దండగ కాదని నేను అనడానికి కారణం ఇదొక్కటే.

ఇక్కడే చాలా కుటుంబాలు గమనించని లెక్క ఒకటి ఉంది. హోటళ్లలో గది ఇచ్చేది సాధారణంగా మధ్యాహ్నం, ఖాళీ చేయించేది మరునాడు పొద్దున లేదా మధ్యాహ్నం లోపు. అంటే ఒక రాత్రి బసకు రెండు పగళ్లు దొరికినట్టు కనిపించినా, మధ్యాహ్నం నిద్ర దగ్గరికి వచ్చేసరికి దొరికేది ఒక్కటే. మీరు పొద్దున్నే వెళ్లి సామానుతో సహా నేరుగా పార్కులో దిగారనుకోండి, గది చేతికొచ్చేసరికి బాబు నిద్ర సమయం దాటిపోతుంది. మరునాడు గది ఖాళీ చేశాక మళ్లీ సాయంత్రం దాకా తిరిగితే ఆ రోజు నిద్రా పోతుంది. గదికి డబ్బు కట్టి కూడా రెండు మధ్యాహ్నాలూ పిల్లవాణ్ని భుజం మీద మోసినవారిని నేను అక్కడ చూశాను. కాబట్టి ఒక రాత్రే ఉండేట్టయితే రాక, పోక సమయాలను పిల్లవాడి నిద్ర చుట్టూ అల్లుకోవాలి.

మీకు నేను సూచించే పద్ధతి ఇది. మొదటి రోజు తొందరపడకండి. ఇంట్లో టిఫిన్లు ముగించుకుని తొమ్మిదిన్నర, పదింటికి బయలుదేరండి. మిర్యాలగూడ నుంచి నలగొండ మీదుగా నార్కట్‌పల్లికి వచ్చి, అక్కడ 65వ నంబరు జాతీయ రహదారి ఎక్కి, చిట్యాల, చౌటుప్పల్ దాటి అబ్దుల్లాపూర్‌మెట్ పరిసరాలకు చేరడం సుమారు 110 కిలోమీటర్ల ప్రయాణం, పిల్లలతో మధ్యలో ఒకసారి ఆగినా రెండున్నర, మూడు గంటలు. దారిలో పంతంగి దగ్గర టోల్‌గేటు వస్తుంది కాబట్టి ఫాస్టాగ్‌లో డబ్బు ముందురోజే చూసుకోండి. భోజనం వేళకు హోటల్ చేరి, తినిపించి, గదిలోకి వెళ్లి కర్టెన్లు మూసి పిల్లలిద్దరినీ పడుకోబెట్టండి. గది సిద్ధంగా లేకపోతే ఆ కొద్దిసేపు లాబీలో కూర్చోవచ్చు. మీరు పొద్దున్నే ఫోన్ చేసి, వెంట రెండేళ్ల పిల్లవాడు ఉన్నాడని, వీలైతే కొంచెం ముందుగా గది ఇవ్వమని అడగడంలో మొహమాటపడనవసరం లేదు. నాలుగున్నరకు పిల్లలు లేచి, పాలు తాగి, హాయిగా ఉంటారు. ఆ సాయంత్రం పచ్చిక మీద పరుగులు, తోటలు, దీపాలు, అంతే. పండుగల కాలంలోనూ చలికాలంలోనూ సాయంత్రాలు కార్నివాల్ ఊరేగింపు, వెలుగుల అలంకరణ పెడుతుంటారు. మీరు వెళ్లే రోజున అది ఉంటే మీ పాపకు అది చాలు.

రెండో రోజే అసలు పార్కు. పొద్దున ఎనిమిదింటికల్లా టిఫిన్ ముగించి, గది ఖాళీ చేసి, సామాను కారులో గానీ హోటల్ వారి దగ్గర గానీ పెట్టి, తొమ్మిదింటికి పార్కు తెరవగానే లోపల ఉండండి. ఒంటిగంట దాకా చూడండి, భోజనం పెట్టించండి, రెండింటి లోపు కారెక్కండి. చౌటుప్పల్ రాకముందే బాబు నిద్రపోతాడు, నలగొండ దాటేదాకా లేవడు. మన దక్షిణ తెలంగాణ కుటుంబాలకు ఉన్న సౌకర్యం ఇదే, ఇంటికి పట్టే సమయమూ పిల్లవాడి మధ్యాహ్నపు నిద్రా ఇంచుమించు ఒక్కటే. మహబూబ్‌నగర్ వైపు నుంచి షాద్‌నగర్, శంషాబాద్, ఔటర్ రింగ్ రోడ్డు మీదుగా పెద్ద అంబర్‌పేట దగ్గర దిగి వచ్చేవారికైనా, దేవరకొండ నుంచి మాల్, ఇబ్రహీంపట్నం మీదుగా వచ్చేవారికైనా ఇదే పద్ధతి పనికొస్తుంది. టికెట్టు మొత్తం రోజుకు కదా, నాలుగైదు గంటలకే బయటికి రావడమేమిటని మీవారు అనవచ్చు. ఈ వయసు పిల్లలు నాలుగైదు గంటలకు మించి కొత్తవాటిని చూసి ఆనందించలేరు, ఆ తర్వాత చూపించేదంతా మన కోసమే. డబ్బుకు ఇబ్బంది లేకపోతే ఒక రాత్రికి బదులు రెండు రాత్రులు ఉండండి. అప్పుడు నడిమి రోజు పొద్దున పార్కు, మధ్యాహ్నం గది, సాయంత్రం మళ్లీ పార్కు అన్న అమరిక కుదురుతుంది, అంతకన్నా మంచి ఏర్పాటు లేదు.

ఇక లోపల ఏం చూపించాలన్నది. రామోజీరావు గారు 1996లో ప్రారంభించిన ఈ ప్రాంగణం 1,600 ఎకరాలకు పైగా విస్తరించి ఉంది, ప్రపంచంలోనే అతి పెద్ద సినిమా స్టూడియో ప్రాంగణంగా గిన్నిస్ పుస్తకంలో నమోదైంది. అంతటినీ ఒక పూటలో చూడాలన్న ఆలోచనను గేటు దగ్గరే వదిలేయాలి. అక్కడి బస్సులో గైడుతో సెట్లన్నీ తిప్పి చూపించే యాత్ర పెద్దలకు ఎంతో బాగుంటుంది. విమానాశ్రయం, రైల్వే స్టేషన్, విదేశీ వీధులు సెట్లుగా చూస్తున్నప్పుడు మీ అత్తగారు తాను చూసిన సినిమాలన్నీ గుర్తు చేసుకుంటారు. రెండేళ్ల బాబుకు మాత్రం అది కేవలం బస్సు ప్రయాణం, అయితే ఆ వయసుకు బస్సు ప్రయాణమే పెద్ద వేడుక కాబట్టి నష్టమేమీ లేదు. పిల్లల కోసం ప్రత్యేకంగా ఉన్న ఫండూస్థాన్‌కు పొద్దున్నే, జనం పలుచగా ఉన్నప్పుడే వెళ్లండి. పక్షుల పార్కు, సీతాకోకచిలుకల పార్కు, బోన్సాయ్ తోట ఈ వయసుకు నా దృష్టిలో అన్నిటికన్నా మంచివి. అక్కడ ఎవరూ తొందరపెట్టరు, పాప అడిగే ప్రతి ప్రశ్నకూ నిలబడి జవాబు చెప్పవచ్చు, బాబును కింద దించి నడిపించవచ్చు. మా మనవరాలు ఒక పక్షి ఎన్‌క్లోజర్ ముందు కదలకుండా నిలబడిపోయినప్పుడు మా కోడలు మిగతావి చూడాలని తొందరపెట్టబోతే నేనే వద్దన్నాను. ఇంటికొచ్చాక ఆ పిల్ల నెలల తరబడి చెప్పింది ఆ పక్షి గురించే.

చూపించకూడనివి కూడా ఉన్నాయి. బోరాసురా అన్నది చీకట్లో నడుస్తూ భయం గొలిపే బొమ్మలను చూసే చోటు. ఐదేళ్ల పిల్ల పైకి నవ్వినా రాత్రి నిద్రలో కలవరిస్తుంది, రెండేళ్ల వాడిని అసలు తీసుకెళ్లవద్దు. వైల్డ్ వెస్ట్ స్టంట్ షోలో తుపాకుల మోత, పేలుళ్ల చప్పుడు ఉంటాయి. పాప చూస్తానంటే మీవారు తీసుకుని వెనక వరుసలో, బయటికి వచ్చే దారి పక్కన కూర్చోవాలి, బాబు మాత్రం ఆ సమయంలో మీ దగ్గరో నాయనమ్మ దగ్గరో దూరంగా ఉండాలి. కుటుంబమంతా అన్నీ కలిసే చూడాలన్న పట్టుదల వద్దు. ఒకరు పాపతో, ఒకరు బాబుతో అని గంటసేపు విడిపోయి, ఫలానా చోట కలుద్దామని ముందే అనుకుంటే ఇద్దరు పిల్లలకూ వారి వయసుకు తగింది దొరుకుతుంది.

వండర్‌లా మాటకు వస్తే, ఈసారికి వద్దు. రావిర్యాల దగ్గర 2016లో మొదలైన ఆ పార్కు చాలా మంచిదే, కానీ అది ప్రధానంగా రైడ్ల పార్కు, రైడ్లకు కొలత వయసు కాదు, ఎత్తు. అక్కడ 85 సెంటీమీటర్ల లోపు పిల్లలకు టికెట్టు ఉండదు, 140 సెంటీమీటర్ల దాకా పిల్లల టికెట్టు. రెండేళ్ల పిల్లల సగటు ఎత్తు ప్రపంచ ఆరోగ్య సంస్థ పట్టికల్లో 86, 87 సెంటీమీటర్ల దగ్గర, ఐదేళ్ల పిల్లలది 110 దగ్గర ఉంటుంది. అంటే మీ బాబు టికెట్టు హద్దు మీద ఉంటాడు గానీ ఎక్కగలిగేది మాత్రం దాదాపు ఏమీ ఉండదు, మీ పాపను పెద్ద రైడ్ల దగ్గర ఎత్తు కొలిచి వెనక్కి పంపిస్తారు. తోటి పిల్లలు ఎక్కుతుంటే తాను కింద నిలబడవలసి వచ్చిన పిల్ల ముఖం చూడటం కష్టం. పైగా హైదరాబాద్ వండర్‌లాలో బస లేదు, ఆ సంస్థ రిసార్టు ఉన్నది బెంగళూరులో. పాపకు ఎనిమిది, తొమ్మిదేళ్లు వచ్చాక వెళ్లండి, అప్పుడు ఒక్క రోజు చాలు. ఈసారి బయలుదేరే ముందు ఇంట్లో గోడకు నిలబెట్టి ఇద్దరి ఎత్తూ కొలిచి రాసుకోండి. ఫిల్మ్ సిటీలో కూడా పిల్లల టికెట్టు ఎత్తును బట్టే కాబట్టి ఆ కొలత పనికొస్తుంది.

మీరు ఎంచుకున్న సంక్రాంతి గురించి నాకు అభ్యంతరం ఉంది. వాతావరణం చూస్తే అంతకన్నా మంచి కాలం లేదు, నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా పగలు హాయిగా ఉంటుంది. అయితే మనకు అదే రోడ్డు, ఆంధ్ర వైపు వెళ్లే లక్షలాది మందికీ అదే రోడ్డు. భోగికి ముందు రెండు మూడు రోజులు హైదరాబాద్ నుంచి విజయవాడ వైపు వచ్చే వాహనాలు పంతంగి దగ్గర బారులు తీరుతాయి. అప్పుడు మీరు వెళ్లేటప్పుడు దారి ఖాళీగా ఉన్నా తిరిగి వచ్చేటప్పుడు అందులో ఇరుక్కుంటారు. కనుమ తర్వాత అందరూ హైదరాబాద్ తిరిగి వెళ్తారు కాబట్టి అప్పుడు మీరు వెళ్లే వైపే రద్దీ. ఆకలితో, తడిసిన డైపర్‌తో ఉన్న పిల్లవాడితో టోల్‌గేట్ దగ్గర గంటసేపు నిలబడటం ఏ తల్లికీ వద్దు. అందుకే భోగికి నాలుగైదు రోజుల ముందే వెళ్లి వచ్చేయండి, లేదా సెలవులను వదిలేసి జనవరి చివర్లోనో ఫిబ్రవరిలోనో మంగళ, బుధవారాలు చూసుకోండి. పాత ఉపాధ్యాయురాలిగా చెబుతున్నాను, యూకేజీ పిల్లకు రెండు రోజులు బడి పోతే చదువుకు వచ్చే లోటేమీ లేదు. వారం మధ్యలో వరుసలు చిన్నవిగా ఉంటాయి, గది అద్దె కూడా తగ్గే అవకాశం ఉంది. వేసవి సెలవుల్లో మాత్రం వెళ్లవద్దు. మన జిల్లా ఎండ సంగతి మీకు చెప్పనక్కరలేదు, ఏప్రిల్ చివరి నుంచి జూన్ మొదటి వారం దాకా ఆ రాతినేల మీద పిల్లలను పగలు తిప్పడం ప్రమాదం.

గది విషయంలో, ప్రాంగణంలోనే ఉన్న హోటళ్లలో సితార ఖరీదైనది, తార మధ్యతరగతి కుటుంబాలకు అందుబాటులో ఉండేది. మీ ఐదుగురికీ తార చాలు. గది తీసుకునేది నిద్ర కోసమని అనుకున్నాం కాబట్టి గది ఎంత పెద్దదన్న దానికన్నా ఎంత నిశ్శబ్దంగా ఉంటుందన్నదే ముఖ్యం. బుక్ చేసేటప్పుడు ఫోన్‌లో మనిషితో మాట్లాడి కొన్ని సంగతులు స్పష్టం చేసుకోండి. ప్యాకేజీలో పార్కు టికెట్టు కలిసి ఉంటే అది ఏ రోజుకు వర్తిస్తుంది, ఒక్క రోజుకే అయితే రెండో రోజుకు పెట్టించుకోవచ్చా, భోజనాలు ఎన్ని పూటలు, ఐదేళ్ల పిల్లకు అదనపు మంచానికి డబ్బు తీసుకుంటారా, హోటల్ నుంచి పార్కుకు బస్సు ఎంతసేపటికొకటి ఉంటుంది, నడిమిట్లో గదికి తిరిగి రావచ్చా అన్నవి అడగండి. ధరలో పన్ను కలిసి ఉందో లేదో కూడా చూసుకోండి. 2025 సెప్టెంబరు 22 నుంచి రోజుకు 7,500 రూపాయల వరకు ఉన్న గదులకు జీఎస్టీ 5 శాతం, అది దాటితే 18 శాతం. హద్దు దగ్గర ఉన్న రెండు గదుల మధ్య తేడా అందువల్ల కనిపించేదానికన్నా ఎక్కువగా ఉంటుంది.

గదిలోకి వెళ్లగానే సామాను విప్పకముందే పిల్లవాడి ఎత్తులో కూర్చుని ఒకసారి చుట్టూ చూడండి. వాడి చేతికి అందే ప్లగ్గులు, టీ కెటిల్ తీగ, బాల్కనీ తలుపు గడియ, స్నానాల గదిలో జారే నేల, గీజర్ నీళ్లు అన్నీ అప్పుడే కనిపిస్తాయి. బకెట్లో ముందు చన్నీళ్లు, తర్వాతే వేడినీళ్లు పట్టాలి. మంచాన్ని గోడకు జరపమని అడిగితే జరుపుతారు. మీ బాబు ఇంట్లో చీర ఉయ్యాలలో పడుకునే అలవాటున్నవాడైతే వారం రోజుల ముందు నుంచే పగటిపూట మంచం మీద పడుకోబెట్టడం మొదలుపెట్టండి, లేకపోతే ఆ మెత్తటి పరుపు మీద అర్ధరాత్రి దాకా నిద్రపోడు. రోజూ కప్పుకునే దుప్పటిని ఉతక్కుండా తీసుకెళ్లండి, ఇంటి వాసన తెలిస్తే కొత్త చోట పిల్లలు త్వరగా కుదుటపడతారు.

ఈత కొలను దగ్గర మాత్రం నేను చాలా గట్టిగా చెబుతాను. చిన్న పిల్లలు నీళ్లలో మునిగేటప్పుడు అరవరు, చేతులు కొట్టరు, చప్పుడు లేకుండా క్షణాల్లో మునిగిపోతారు. చేతులకు తొడిగే గాలి బుడగలు ఆట వస్తువులే తప్ప ప్రాణరక్షణ సాధనాలు కావు. బాబు నీళ్లలో ఉన్నంతసేపూ, నీటి అంచున ఉన్నంతసేపూ ఒక పెద్దమనిషి చేయి చాపితే అందేంత దగ్గర, చేతిలో ఫోన్ లేకుండా ఉండాలి. ఆ మనిషి ఎవరో పేరు పెట్టి అనుకోండి. అందరూ చూస్తున్నారన్నప్పుడు ఎవరూ చూడని క్షణం తప్పకుండా వస్తుంది.

తిండి గురించి ఆందోళన వద్దు గానీ సిద్ధంగా ఉండండి. బఫేలో ఇడ్లీ, పెరుగన్నం, అరటిపండు దొరికితే ఈ వయసు పిల్లలకు పూట గడిచిపోతుంది. కూరలు కారంగా గానీ నూనెగా గానీ ఉండవచ్చు. పార్కుల్లోకి బయటి తినుబండారాలను సాధారణంగా రానివ్వరు, పసిపిల్లల ఆహారానికి మినహాయింపు ఉంటుందేమో బుకింగ్ ఫోన్‌లోనే అడగండి. గదిలో తినడానికి మాత్రం మురుకులు, సకినాలు, వేయించిన అటుకులు పెట్టుకోండి. నీళ్ల విషయంలో మన నలగొండ వాళ్లకు ఎవరూ చెప్పనక్కరలేదు. సీలు సరిచూసిన సీసా నీళ్లు గానీ, కెటిల్‌లో మరిగించి చల్లార్చినవి గానీ తాగించండి. మందుల సంచిలో జ్వరం సిరప్‌ను మీ డాక్టరు బాబు బరువును బట్టి, పాప బరువును బట్టి రాసిచ్చిన మోతాదు చీటీతో సహా పెట్టుకోండి. ఓఆర్ఎస్ పొట్లాల్లో లీటరు నీళ్లకు ఒకటి, 200 మిల్లీలీటర్లకు ఒకటి అని రెండు సైజులు ఉంటాయి, పొట్లం మీద చదివి సరిగ్గా అన్ని నీళ్లే కలపాలి. సాయంత్రం తోటల్లో దోమలుంటాయి కాబట్టి నిండు చేతుల చొక్కాలు, పొడుగు పైజామాలు వేయండి.

కారులో బాబును ఒళ్లో కూర్చోబెట్టుకుని ముందు సీటులో ప్రయాణించవద్దని మిమ్మల్ని వేడుకుంటున్నాను. 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం ప్రకారం పద్నాలుగేళ్ల లోపు పిల్లలకు సీటు బెల్టు గానీ పిల్లల సీటు గానీ లేకపోతే వెయ్యి రూపాయల జరిమానా ఉంది, కానీ నేను చెప్పేది జరిమానా గురించి కాదు. జాతీయ రహదారి మీద లారీ హఠాత్తుగా ఆగినప్పుడు తల్లి చేతులు పిల్లవాణ్ని పట్టి ఉంచలేవు. పిల్లల సీటు కొనలేకపోతే ఈ రెండు రోజులకు బంధువుల దగ్గర అడిగి తెచ్చుకోండి. దారిలో ఏదైనా అత్యవసరం వస్తే నార్కట్‌పల్లిలో రోడ్డు పక్కనే కామినేని వైద్య కళాశాల ఆస్పత్రి ఉంది, ఎక్కడున్నా 108కి ఫోన్ చేయవచ్చు.

మీ అత్తగారి గురించి మీరు ఒక్క వాక్యమే రాశారు, కానీ ఈ ప్రయాణం ఎలా సాగుతుందన్నది చాలావరకు ఆమె మీదే ఆధారపడి ఉంటుంది. మోకాళ్ల నొప్పులున్నవారికి బస్సు మెట్లు ఎక్కడం, దిగడం, వరుసల్లో నిలబడటం నడకకన్నా కష్టం. గది కింది అంతస్తులో గానీ లిఫ్టుకు దగ్గరలో గానీ కావాలని, చక్రాల కుర్చీ దొరుకుతుందా అని ముందే అడగండి. ఆమె మొహమాటంతో నేను నడవగలనులే అంటారు, అయినా అడగండి. బాబు నిద్రపోయే వేళ ఆమె కూడా పడుకుంటారు కాబట్టి గది ఇద్దరికీ కలిసి వస్తుంది, పాపకు నిద్ర రాకపోతే ఆ రెండు గంటల్లో మీరిద్దరూ పాపను ఒక్కదాన్నే తీసుకుని కిందికి వెళ్లవచ్చు. తమ్ముడు పుట్టినప్పటి నుంచి అమ్మానాన్నలు ఇద్దరూ తనకే దొరికిన గంటలు ఆ పిల్లకు ఎక్కువ ఉండవు. అయితే పిల్లలను చూసుకునే పనంతా ఆమె మీద పెట్టి మీరు తిరగవద్దు, ఆమె కూడా చూడటానికే వస్తున్నారు.

పాప తప్పిపోతే అన్న భయానికి పొద్దున గదిలోనే ఏర్పాటు చేసుకోండి. ఇద్దరికీ దూరం నుంచి కనిపించే ఒకే రంగు బట్టలు వేసి, ఆ బట్టల్లో ఒక ఫోటో తీయండి. మీ ఫోన్ నంబరును పాప ముంజేతి మీద పెన్నుతో రాయండి, బాబు జేబులో చీటీ పెట్టండి. అమ్మ కనబడకపోతే పరుగెత్తకు, ఉన్నచోటే నిలబడు, ఇలాంటి యూనిఫాం వేసుకున్నవాళ్లకు చెప్పు అని గేటు దగ్గరి సిబ్బందిని చూపించి నేర్పండి. ఐదేళ్ల పిల్లకు ఇది బాగా అర్థమవుతుంది, మా బడిలో ఆ వయసు పిల్లలు దీన్ని ఆటలా నేర్చుకునేవారు.

చివరిగా యాదగిరిగుట్ట. ఎలాగూ ఆ దారిలోనే కదా, చిట్యాల నుంచి భువనగిరి రోడ్డులో తిరిగితే స్వామి దర్శనం కూడా అయిపోతుందని అత్తగారు తప్పకుండా అంటారు. తిరుగు ప్రయాణంలో నార్కట్‌పల్లి దగ్గరి చెరువుగట్టు గుడి కూడా గుర్తుకొస్తుంది, ఆ రోజు అమావాస్య అయితే అక్కడి జనం సంగతి మీకు తెలుసు. ఈ ప్రయాణంలో రెండూ పెట్టుకోవద్దు. రెండో రోజు రెండింటికి బయలుదేరితేనే బాబు కారులో పడుకుంటాడు, ఐదింటికి ఇల్లు చేరి, వేడినీళ్లు పోయించుకుని, ఇంటి అన్నం తిని ఎనిమిదింటికి పిల్లలు పడుకుంటారు. గుట్టకు మరో ఆదివారం ఆమెను ప్రత్యేకంగా తీసుకెళ్తామని బయలుదేరే ముందే మాట ఇవ్వండి, మీవారి చేత ఇప్పిస్తే ఇంకా మంచిది. తేదీ ఖరారయ్యాక ప్యాకేజీలో ఏమేం కలిపారో ఇక్కడే రాయండి, చూసి చెబుతాను.